అపార్ట్‌మెంట్ సీసీ కెమెరాల పాస్‌వర్డ్ 40 ఫ్లాట్ల వాళ్ల దగ్గరా ఉంది, ఆధార్ జిరాక్సులు లింకులో ఉన్నాయి: ముందు ఏది సరిచెయ్యాలి?

ఎండాడ_కార్యదర్శి:

నమస్కారమండీ. విశాఖ ఎండాడలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు మాది. అసోసియేషన్ బాధ్యత ఈ మధ్యే నా చేతికొచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, తప్పులుంటే చెప్పండి.

గేటు, సెల్లారు, లిఫ్టు లాబీలు, పిల్లల పార్కు, టెర్రస్ తలుపు కలిపి 12 కెమెరాలు. 16 ఛానెళ్ల డీవీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె), 4 టీబీ హార్డ్ డిస్కు. పెట్టె వాచ్‌మన్ గదిలో బల్ల మీదే ఉంటుంది. నెట్టు అదే గదిలో ఉన్న ఫైబర్ రౌటర్‌దే, దాని వైఫై పాస్‌వర్డ్ గోడ మీద రాసుంది. కెమెరాలు బిగించినాయన అందరి ఫోన్లలోనూ యాప్ వేసి, అడ్మిన్ అనే ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్లారు. ఖాళీ చేసి వెళ్లిపోయిన అద్దెవాళ్ల ఫోన్లలో కూడా అది ఇప్పటికీ తెరుచుకుంటోంది.

పోయిన వారం ఎవరో ఒక డెలివరీ కుర్రాడి వీడియో ముక్కను వాట్సాప్ గ్రూపులో పెట్టి "పార్సిల్ ఎత్తుకెళ్లాడు" అని రాశారు. సాయంత్రానికి ఆ పార్సిల్ పక్క ఫ్లాటులో దొరికింది. వీడియో మాత్రం ఈలోగా మరో మూడు అపార్ట్‌మెంట్ల గ్రూపులకు వెళ్లిపోయింది.

ఇంకోటి. అద్దెవాళ్లవి, పనివాళ్లవి, వాచ్‌మన్‌ది ఆధార్ జిరాక్సులు స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టారు. ఆ లింకు గ్రూపు వివరణలోనే ఉంది. ఇప్పుడేమో గేటు యాప్ ఒకటి పెడదాం, వచ్చేవాళ్లందరి ఫొటో, ఫోన్ నెంబరు, పనివాళ్ల ముఖం స్కాన్ తీసుకుందాం అని కొందరు పట్టుబడుతున్నారు. ఆదివారం జనరల్ బాడీ. ఈలోగా చెయ్యాల్సినవి, మీటింగులో అడగాల్సినవి చెప్పండి.


గాజువాక_నెట్‌వర్క్:

కార్యదర్శి గారూ, ముందు డ్రైవ్ లింకు మూసెయ్యండి. కెమెరాల పనికి రెండు గంటలు కావాలి, దీనికి రెండు నిమిషాలు చాలు. ఫోల్డరు మీద షేర్ నొక్కి, "లింకు ఉన్న ఎవరైనా" అన్నదాన్ని "పరిమితం" చెయ్యండి. అంతటితో ఆపొద్దు. లోపలి ఫైళ్లలో దేన్నయినా ఎప్పుడైనా విడిగా షేర్ చేసి ఉంటే, ఫోల్డరు మూసినా ఆ ఫైలు లింకు తెరిచే ఉంటుంది. ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. మామూలు జీమెయిల్ ఖాతాలో ఫైలును ఎవరెవరు తెరిచి చూశారో కనపడదు, దింపుకున్న కాపీని వెనక్కి తెచ్చే దారీ లేదు. అందుకని "ఇప్పుడు అంతా భద్రం" అని ఎవరికీ చెప్పకండి. "మీ ఆధార్ కాపీ ఇన్నాళ్లు బయటికి కనపడింది" అని ఆ కాగితాల వాళ్లకు విడివిడిగా చెప్పండి. అది వాళ్లకు తెలియాల్సిన విషయం.

ఇక డీవీఆర్. ఫోను నుంచి చెయ్యొద్దు, పెట్టెకు మానిటరు, మౌసు తగిలించి దాని దగ్గరే కూర్చోండి. మొట్టమొదట నెట్ కేబుల్ పీకెయ్యండి, మీరు మారుస్తుండగా బయటి నుంచి ఇంకెవరూ లోపలికి రాకుండా. యూజర్ల జాబితా తెరవండి. అడ్మిన్ కాకుండా బిగించినాయన తయారుచేసిన పేర్లు ఒకటో రెండో ఉంటాయి, వాటిని తీసెయ్యండి. అడ్మిన్‌కి కనీసం 12 అక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. అపార్ట్‌మెంటు పేరు, పిన్‌కోడు, కట్టిన సంవత్సరం అందులో వద్దు. కాగితం మీద రాసి, కవరులో అంటించి, ఒకటి అధ్యక్షుల దగ్గర, ఒకటి అసోసియేషన్ బీరువాలో ఉంచండి. పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెచ్చుకునే మెయిల్ ఐడీ ఎవరిదుందో తప్పకుండా చూడండి. చాలాచోట్ల అది బిగించినవాళ్లదే ఉంటుంది. అలా ఉన్నంతకాలం మీరు ఎన్నిసార్లు మార్చినా ఆయన ఒక్క నిమిషంలో మళ్లీ తెచ్చుకోగలరు.

ఎక్కువమంది పొరబడేది దీని తర్వాత అడుగులో. ఫోను యాప్ ద్వారా చూసే పద్ధతిలో పెట్టె ఒక ఖాతాకు కట్టేసి ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ కట్టు ఊడదు. నెట్‌వర్క్ మెనూలో క్లౌడ్ లేదా పీటూపీ అనే చోట ఓనరు ఖాతా ఎవరిదో చూసి, తెంచి, అసోసియేషన్ పేరు మీద తెరిచిన కొత్త మెయిల్‌తో మళ్లీ కట్టాలి. ఆ మెయిల్‌కి రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. వెరిఫికేషన్ కోడు కూడా మార్చండి. పెట్టె అడుగున స్టిక్కరు మీద ఉన్న కోడును ఇప్పటికే ఎవరో ఫొటో తీసి ఉంటారని అనుకునే పనిచెయ్యాలి.

రౌటర్ వంతు. 192.168.1.1 లేదా స్టిక్కరు మీదున్న చిరునామా తెరిచి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నెట్ నుంచి లోపలి పెట్టెకు దారి తెరిచే సెట్టింగు), కొన్నిటిలో వర్చువల్ సర్వర్ అంటారు, ఆ పేజీ చూడండి. హిక్‌విజన్ పెట్టెల్లో మామూలుగా 8000, దహువా పెట్టెల్లో 37777, వీడియోకి 554, వెబ్ పేజీకి 80 నెంబర్లు వాడతారు. ఆ వరసలు కనిపిస్తే తీసెయ్యండి. డీఎంజెడ్ (ఒక పరికరాన్ని అడ్డు లేకుండా నెట్‌కు వదిలే సెట్టింగు) ఆపండి. యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే రౌటర్‌లో పోర్టులు తెరిపించుకునే సదుపాయం) రౌటర్‌లోనూ డీవీఆర్‌లోనూ రెండుచోట్లా ఆపాలి. ఒకచోటే ఆపి ఊరుకుంటే, ఆపినచోట ఎవరైనా ఎప్పుడైనా మళ్లీ టిక్కు పెట్టిన రోజున పెట్టె తనంతట తానే తలుపు తెరుచుకుంటుంది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. బయటి నుంచి రౌటర్‌ను నడిపే ఆప్షన్ ఉంటే అదీ ఆపండి.

రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ చిరునామా (బయటి నెట్ వైపు ఐపీ) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ కనెక్షన్ కంపెనీవాళ్ల ఉమ్మడి చిరునామా వెనక ఉందన్నమాట. అప్పుడు బయటివాళ్లు నేరుగా పోర్టు తట్టలేరు. స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే ఇచ్చే, మారని చిరునామా) కొనుక్కుని ఉంటే మాత్రం పైన చెప్పినవన్నీ ఆలస్యం లేకుండా చెయ్యాల్సినవే. పరీక్ష సులువు. ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద బ్రౌజరులో ఆ వాన్ చిరునామా కొట్టండి. డీవీఆర్ లాగిన్ పేజీ వస్తే ప్రపంచానికంతటికీ వస్తున్నట్టే.

"మా అపార్ట్‌మెంటు డీవీఆర్‌తో ఎవరికేం పని" అని మీటింగులో తప్పకుండా అడుగుతారు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఫ్యాక్టరీ పేర్లు, పాస్‌వర్డ్‌లు అరవైకి పైగా జంటలను వరసగా ప్రయత్నించి, కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న, వెబ్‌సైట్ల పేర్లను వాటి ఐపీ చిరునామాలకు కలిపే డిన్ అనే కంపెనీ మీద అలాంటి పెట్టెలతోనే దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. పట్టుబడ్డ పెట్టెల ఓనర్లకు ఏమీ తెలియలేదు, వాళ్ల కెమెరాలు మామూలుగానే పనిచేస్తున్నాయి. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ పరికరాల్లో బయటపడ్డ లోపం (లోపాల జాబితాలో దాని నెంబరు సీవీఈ-2021-36260) ఇంకా ప్రమాదం. దానికి పాస్‌వర్డే అక్కర్లేదు, వెబ్ పోర్టు అందితే చాలు. కంపెనీ సవరించిన ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, కానీ గోడకు బిగించాక ఫర్మ్‌వేర్ మార్చేవాళ్లు తక్కువ. మీ మోడల్ నెంబరుకు సరిగ్గా సరిపోయే ఫైలే వెయ్యండి, దగ్గర మోడల్‌ది వేస్తే పెట్టె మళ్లీ లేవకపోవచ్చు. అప్‌డేట్ నడుస్తున్నంతసేపూ యూపీఎస్ మీద ఉండాలి. మధ్యలో కరెంటు పోతే అదే పరిస్థితి.

ఇంకో మాట. వాచ్‌మన్ గది వైఫైని గెస్ట్ నెట్‌వర్క్‌గా విడగొట్టండి. గోడ మీద రాసిన పాస్‌వర్డ్‌తో వచ్చేవాళ్ల ఫోన్లు, డీవీఆర్ ఒకే నెట్‌వర్క్‌లో ఉండకూడదు. పెట్టెను గాలాడే ఇనప బాక్సులో పెట్టి తాళం వెయ్యండి. దొంగ ముందు పట్టుకెళ్లేది డీవీఆర్‌నే.

పాస్‌వర్డ్‌లు ఎక్కువగా బయటికి పోయేది రిపేరు రోజున. మన ఊళ్లో ఉప్పుగాలికి కెమెరా కేబుళ్ల చివర ఉండే బీఎన్‌సీ కనెక్టర్లు పచ్చబడి బొమ్మ గీతలు గీతలుగా వస్తుంది, ఏడాదికోసారైనా టెక్నీషియన్ వస్తాడు. కనెక్టరు మార్చడానికి అడ్మిన్ అక్కర్లేదు. లైవ్ మాత్రం కనిపించే ఒక యూజర్‌ను ఆ పూటకు తయారుచేసి, పనయ్యాక తీసెయ్యండి.


అక్కయ్యపాలెం_ఫ్లాట్ఓనర్:

నేను ఒప్పుకోను. మెయింటెనెన్స్ 40 ఫ్లాట్లూ కడుతున్నాయి, కెమెరాలు అందరి డబ్బుతో కొన్నవి. అందరూ చూస్తుంటేనే కాపలా. ఇద్దరు ముగ్గురి చేతిలో పెడితే వాళ్లు నిద్రపోతున్నప్పుడు ఎవరు చూస్తారు? పార్కులో పిల్లలు ఆడుకుంటుంటే తల్లులు వంటింట్లోంచి చూసుకుంటారు, అది కూడా ఆపేస్తారా?


గాజువాక_నెట్‌వర్క్:

అడగాల్సిందే అడిగారండీ. పార్కు విషయం ముందు చెబుతాను, దానికి దారి ఉంది. డీవీఆర్ యూజర్ల పేజీలో ప్రతి పేరుకూ కెమెరా వారీగా టిక్కులు ఉంటాయి. పార్కు, గేటు కెమెరాలకు లైవ్ టిక్కు ఒక్కటే ఉంచి, ప్లేబ్యాక్, డౌన్‌లోడ్, సెట్టింగులు తీసేసి ఒక యూజర్‌ను చెయ్యండి. యాప్ నుంచి షేర్ చేసేటప్పుడూ చాలా మోడళ్లలో ఇవే టిక్కులు వస్తాయి. ఫ్లాటుకో షేర్ ఇస్తే, ఖాళీ చేసినప్పుడు ఆ ఒక్కదాన్నే తీసెయ్యొచ్చు. 40 మందికీ ఒకటే పాస్‌వర్డ్ ఉంటే ఒకరు వెళ్లినప్పుడల్లా మిగతా 39 మందికీ మార్చాలి. ఆ శ్రమకు భయపడే ఎవరూ మార్చరు.

ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నది అడ్మిన్. దానితో చూడటమే కాదు, రికార్డింగు చెరపొచ్చు, డిస్కు ఫార్మాట్ చెయ్యొచ్చు, కెమెరా ఆపొచ్చు. నిజంగా దొంగతనం జరిగి ఆ గంట రికార్డింగు లేకపోతే చెరిపింది ఎవరో తేల్చలేరు. లాగ్‌లో అన్ని పనులూ 'అడ్మిన్' పేరు మీదే ఉంటాయి.

రెండోది, లాబీ కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పి చూసేవాళ్లకు ఏ ఫ్లాటు వాళ్లు ఎన్నింటికి వెళతారు, ఏ ఇంట్లో ఆడవాళ్లు ఒంటరిగా ఉంటారు, ఎవరు ఊరెళ్లారు అన్నీ తెలుస్తాయి. వెళ్లిపోయిన అద్దెవాళ్ల ఫోన్లలో ఇది ఇంకా తెరుచుకుంటోందని కార్యదర్శి గారే రాశారు. ఆ ఫోన్లు పోతే, సెకండ్ హ్యాండ్‌లో అమ్మేస్తే?

మూడోది లెక్క. ఒకరు 12 కెమెరాలూ ఒకేసారి తెరిస్తే, చిన్న బొమ్మకే కెమెరాకి సుమారు 400 కేబీపీఎస్ చొప్పున 5 ఎంబీపీఎస్ దాకా అప్‌లోడ్ కావాలి. పదిమంది తెరిస్తే 50. మీ ప్లాన్ 50 ఎంబీపీఎస్ అయితే అక్కడికే నిండిపోతుంది. రాత్రిపూట "కెమెరా లోడ్ అవ్వట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

డిస్కు సంగతి కూడా చూడండి. 2 మెగాపిక్సెల్ కెమెరా, హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి), 2 ఎంబీపీఎస్ అనుకుంటే రోజుకు 21.6 జీబీ. 12 కెమెరాలకు దాదాపు 260 జీబీ. 4 టీబీ డిస్కు 15 రోజులకు నిండి పాతదాని మీద రాసుకుంటుంది. 15 రోజులు చాలు. 30 కావాలంటే డిస్కు 8 టీబీ చెయ్యాలి, లేదంటే బిట్‌రేటు (సెకనుకు రాసే డేటా, ఇక్కడ 2 ఎంబీపీఎస్) సగానికి తగ్గించాలి. తగ్గిస్తే రాత్రి బండి నెంబరు ప్లేటు మసకవుతుంది. కాబట్టి గేటు కెమెరాకు 2 ఉంచి, లాబీలకు 1 చెయ్యడం మేలు.


లాసన్స్‌బే_నివాసి:

పై ఇద్దరూ పెట్టె గురించి మాట్లాడారు. నేను ఆ డెలివరీ కుర్రాడి గురించి మాట్లాడతాను, ఎందుకంటే ఈ మొత్తంలో నిజంగా నష్టపోయింది అతనొక్కడే.

అతని ముఖం మరో మూడు గ్రూపుల్లో దొంగ అన్న మాటతో తిరుగుతోంది. రేపు ఆ గేట్ల దగ్గర అతన్ని ఆపుతారు. ఆర్డరు ఆలస్యమైతే రేటింగు పడుతుంది, రేటింగు పడితే ఆర్డర్లు తగ్గుతాయి. ఇవేవీ గ్రూపులో ఉన్నవాళ్లకు కనపడవు. వాట్సాప్ ఇచ్చే గడువు దాటకపోతే గ్రూపు అడ్మిన్లు ఎవరి సందేశాన్నయినా అందరికీ తీసెయ్యగలరు, వీలుంటే ముందు అది చెయ్యండి. ఆ తర్వాత అదే గ్రూపులో, వెళ్లిన మూడు గ్రూపుల అడ్మిన్లకూ సవరణ పంపండి: "ఫలానా తేదీన పెట్టిన వీడియోలో చెప్పింది తప్పు. పార్సిల్ సరిగ్గానే ఇచ్చారు. వీడియో మీ ఫోన్లలో ఉంటే తీసెయ్యండి." అందులో అతని పేరు, ఫొటో మళ్లీ పెట్టకండి. తప్పు పెట్టినవాళ్లే సవరణ రాస్తే ఇంకా మంచిది. అతను మళ్లీ గేటుకొచ్చినప్పుడు ఒక పెద్దమనిషి ముఖాముఖి క్షమాపణ చెప్పండి. గ్రూపులో ఒక దండం బొమ్మ పెట్టి వదిలెయ్యడం సరిపోదు.

ఇకముందు కోసం వాట్సాప్‌లో అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ అనే సెట్టింగు ఉంది, 2025 ఏప్రిల్‌లో వచ్చింది. పెడితే చాట్ ఎగుమతి ఆగుతుంది, ఫొటోలు వీడియోలు వాటంతటవే ఫోన్లలోకి దిగవు. స్క్రీన్‌షాటును, ఇంకో ఫోనుతో తీసే వీడియోను అది ఆపలేదు. అసలు మందు నియమం పెట్టుకోవడం. కెమెరా వీడియో ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. కావాలన్నవాళ్లు తేదీ, గంట, కెమెరా, కారణం రాసిచ్చి, కమిటీలో ఇద్దరి ఎదుట చూడాలి. చూసినట్టు పుస్తకంలో సంతకం. ఆ ఇద్దరిలో ఒక మహిళ ఉండేలా చూడండి. లిఫ్టులో, మెట్ల దగ్గర జరిగినవి చెప్పుకోవడానికి వచ్చేవాళ్లు చాలామంది ఆడవాళ్లే.

గేటు యాప్ దగ్గరికొస్తాను. డెలివరీకి వచ్చినవాళ్ల నుంచి ఫ్లాటు నెంబరు, కంపెనీ, గంట చాలు. ఆర్డరు ఎవరు తెచ్చారో ఆ కంపెనీ దగ్గర ఉంటుంది, అవసరమైతే పోలీసులు తెప్పించుకుంటారు. ఫొటో తీసి మీరు దాచి ఏం చేస్తారు? పనివాళ్ల విషయంలో ఇలాంటి యాప్‌లలో మూడు సెట్టింగులు చూడాలి. వాళ్ల రాకపోకల కబురు వాళ్లు పనిచేసే ఫ్లాటుకే వెళ్లాలి, అందరికీ కాదు. రేటింగ్ ఆపెయ్యాలి. ఒకావిడ పని మానేసిన కోపంతో ఒక ఫ్లాటు ఇచ్చిన తక్కువ చుక్కలు ఆవిడకు మిగతా 39 ఇళ్లలో అన్నం లేకుండా చేస్తాయి, ఆవిడకు జవాబు చెప్పుకునే చోటు కూడా ఆ యాప్‌లో ఉండదు. ముఖం స్కాన్ బదులు ఆరంకెల కోడు ఇచ్చే ఆప్షన్ అడగండి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, ముఖం పోతే మార్చుకోలేం.

కంపెనీవాళ్లను మీటింగుకు పిలిచి రాతపూర్వకంగా అడగండి. డేటా ఎన్నాళ్లు ఉంచుతారు, అసోసియేషన్ మానేస్తే ఎన్ని రోజుల్లో చెరుపుతారు, చెరిపినట్టు మెయిల్ ఇస్తారా, ప్రకటనలకో లోన్లకో ఈ నెంబర్లు వాడతారా. నివాసుల ఫోనులో ఆ యాప్‌కి నోటిఫికేషన్ అనుమతి చాలు. కాంటాక్టులు, లొకేషన్ అడిగితే తిరస్కరించండి. కాదంటే యాప్ నడవనంటే, అది గేటు కోసం చేసిన యాప్ కాదు.

యాప్ లేకుండా కాగితంతోనూ జరుగుతుంది. అయితే ఇప్పుడున్న పుస్తకం మార్చండి. పుస్తకంలో పై వరసలో ఎవరి పేరు, నెంబరు ఉందో కింది వరస రాసేవాళ్లకు కనిపిస్తుంది. చుట్టపుచూపుగా వచ్చిన అమ్మాయి నెంబరు అలాగే పోతుంది. మనిషికో చీటీ చించి ఇచ్చే ప్యాడ్ పెట్టి, రాశాక పెట్టెలో వేయించండి. నెలకోసారి ముక్కలు చేసి పారెయ్యండి. పాత పేపర్లవాడికి మాత్రం వెయ్యకండి, ఆ కాగితాలు బజ్జీల పొట్లాలై ఊరంతా తిరుగుతాయి.


సీతమ్మధార_అడ్వొకేట్:

చట్టం వైపు నుంచి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అంది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో ప్రైవేటు సంస్థలు ఆధార్ అడగడానికి ఆధారంగా చూపుకుంటున్న 57వ సెక్షన్‌ను ఆ మేరకు కొట్టేసింది. అసోసియేషన్‌కి ఆధార్ తప్పనిసరి చేసే అధికారం లేదు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు ఏదైనా చూసి, "చూశాం" అని తేదీ రాసుకుంటే పని అయిపోతుంది. కాపీ దాచడం వేరే బాధ్యత, అనవసరంగా నెత్తికెత్తుకోకండి. అద్దెవాళ్ల పోలీసు వెరిఫికేషన్ కాగితాలు ఇంటి ఓనరు నేరుగా స్టేషన్‌లో ఇవ్వాలి, కార్యదర్శి ఫోను మీదుగా కాదు. ఆధార్ నెంబరును బహిరంగంగా ప్రదర్శించడాన్ని ఆధార్ చట్టం 29వ సెక్షన్ నిషేధిస్తుంది. గ్రూపు వివరణలో అందరికీ తెరుచుకునే లింకు పెట్టడం దానికి చాలా దగ్గర.

ఎవరైనా తామే ఆధార్ ఇస్తామంటే మాస్క్ చేసినది ఇమ్మనండి. మై ఆధార్ వెబ్‌సైటులో దింపేటప్పుడు ఆ టిక్కు ఉంటుంది, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. అయితే మాస్క్ చేసినదాంట్లో కూడా క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫొటో వస్తాయి. ఇక ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి ఉండే పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మనిషి తెలిసిన ఎవరికైనా అది తాళమే కాదు.

లింకులో కాపీలు ఉన్నవాళ్లందరితో ఈ వారమే బయోమెట్రిక్ లాక్ చేయించండి. అదే వెబ్‌సైటులో లేదా ఆధార్ అధికారిక యాప్‌లో జరుగుతుంది, ఆధార్‌కి లింకైన ఫోనుకు ఓటీపీ వస్తుంది. వేలిముద్రతో డబ్బు తీసే ఏఈపీఎస్ పద్ధతికి ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ఓటీపీ అడగదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను నకలు తీసి ఇలా డబ్బు కొట్టేసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే నమోదయ్యాయి. లాక్ చేస్తే వేలు అతికినా లావాదేవీ జరగదు. రేషన్‌కో పెన్షన్‌కో వేలిముద్ర వెయ్యాల్సిన రోజున అన్‌లాక్ చేసుకోవాలని పనివాళ్లకు, పెద్దవాళ్లకు విడమరిచి చెప్పండి. లేకపోతే క్యూలో నిలబడి తిరిగొస్తారు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. వ్యక్తి తన ఇంటి అవసరానికి వాడుకునే డేటాకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. అసోసియేషన్ వ్యక్తి కాదు, ఆ మినహాయింపును నమ్ముకోవద్దు. కాగితం మీదే ఉండిపోయిన గేటు పుస్తకం దాని కిందికి రాదు, స్కాన్ చేసి డ్రైవ్‌లో ఎక్కించిన క్షణం నుంచి వస్తుంది. భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా పరిమితి 250 కోట్ల దాకా ఉంది. మీ మీద అంత పడుతుందని నేను అనను. పిల్లల డేటా విషయంలో 18 ఏళ్ల లోపు అందరూ పిల్లలే అని గుర్తుంచుకోండి, పార్కు కెమెరా ఉంది కదా.

ఆ వీడియో పెట్టినాయనకు చెప్పండి, మనిషిని దొంగ అని నలుగురిలో ప్రచారం చేస్తే అది భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువు నష్టం. "ఫార్వర్డ్ చేశానంతే" అన్నంత మాత్రాన బయటపడరు.

గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టండి: "భద్రత కోసం ఇక్కడ వీడియో రికార్డు అవుతుంది. శబ్దం రికార్డు కాదు. 15 రోజుల తర్వాత చెరిగిపోతుంది. వివరాలకు అసోసియేషన్ కార్యదర్శి." ఆ రెండో వాక్యం నిజం కావాలంటే డీవీఆర్‌లో ప్రతి కెమెరా ఆడియో టిక్కు తీసెయ్యాలి. లాబీలో నిలబడి మాట్లాడుకునే ఇంటి విషయాలు రికార్డు చేసే పని మీకు లేదు.


ఎండాడ_కార్యదర్శి:

అందరికీ ధన్యవాదాలండీ. డ్రైవ్ లింకు మూసేశాను, విడిగా షేర్ అయిన ఫైళ్లు నిజంగానే మూడు కనపడ్డాయి. రెండు ప్రశ్నలు మిగిలాయి. పోలీసులు వచ్చి ఫుటేజీ అడిగితే ఎలా ఇవ్వాలి? టెర్రస్ తలుపు కెమెరాలో ఎదురింటి కిటికీ పడుతోంది, వాళ్లు ఒకసారి అన్నారు కూడా. కెమెరా తీసెయ్యాలా?


సీతమ్మధార_అడ్వొకేట్:

మొదటిది నేను చెబుతాను. ఫిర్యాదు జరిగిందని తెలిసిన రోజే ఆ గంటలు కాపీ తీసి పెట్టుకోండి, నోటీసు వచ్చేదాకా ఆగితే 15 రోజుల డిస్కు చెరిగిపోతుంది. ఇవ్వడం మాత్రం కాగితం మీద. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద స్టేషన్ నుంచి రాతపూర్వకంగా అడుగుతారు, అడిగిన కెమెరా, అడిగిన గంటలే ఇవ్వండి. పెన్‌డ్రైవ్‌లోకి డీవీఆర్ సొంత ఫార్మాట్‌లోనే, దాని ప్లేయరుతో సహా తియ్యండి. స్క్రీనును ఫోనుతో తీసి వాట్సాప్ చేస్తే కోర్టులో నిలబడటం కష్టం. డీవీఆర్ గడియారానికీ ఫోను గడియారానికీ ఎన్ని నిమిషాల తేడా ఉందో ఆ రోజే రాసిపెట్టండి. టైమ్ జోన్ +5:30 పెట్టి, నెట్ నుంచి సమయం తీసుకునే ఎన్‌టీపీ టిక్కు పెడితే ఆ తేడా రాదు.

భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, పాత సాక్ష్య చట్టం 65బీ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్నది ఇదే. అందులో రెండు భాగాలు. మొదటిది పెట్టె బాధ్యత చూసేవాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చెయ్యాలి. ఫైలు హాష్ విలువ (ఫైలులో ఏం మారినా మారిపోయే గుర్తు సంఖ్య) కూడా రాయాలి. 7-జిప్ అనే ప్రోగ్రాము వేసుకుంటే ఫైలు మీద రైట్ క్లిక్‌తో షా-256 రకం హాష్ వస్తుంది. పెన్‌డ్రైవ్‌లు రెండు చెయ్యండి, ఒకటి ఇచ్చి రసీదు తీసుకుని, రెండోది కవరులో సీలు వేసి బీరువాలో పెట్టండి.


గాజువాక_నెట్‌వర్క్:

రెండోది. కెమెరా తీసెయ్యక్కర్లేదు. ముందు కోణం కిందికి దించి చూడండి, తలుపు, మెట్టు కనిపిస్తే చాలు. ఇంకా కిటికీ పడితే డీవీఆర్‌లో ప్రైవసీ మాస్క్ పెట్టండి. కెమెరాకు సాధారణంగా నాలుగు పెట్టెల దాకా గీయొచ్చు. గీసిన చోట లైవ్‌లోనూ రికార్డింగులోనూ నలుపే ఉంటుంది, తర్వాత ఎవరూ తీసి చూడలేరు. గీసేటప్పుడు కిటికీ అంచుకు నాలుగు వైపులా కొంచెం ఎక్కువే కప్పండి. ఎదురింటివాళ్లను పిలిచి తెర మీద చూపించండి, వాళ్ల అనుమానం అక్కడే తీరిపోతుంది. రాత్రి కూడా ఒకసారి చూడాలి, ఇన్‌ఫ్రారెడ్ మోడ్‌లోకి మారాక వెలుతురు ఉన్న కిటికీ పగటికన్నా స్పష్టంగా కనపడుతుంది.

మాస్క్ బొమ్మ మీద ఉంటుంది, కిటికీ మీద కాదు. ఎండాడ గాలికి, ముఖ్యంగా తుపాను రోజుల్లో, టెర్రస్ కెమెరా బ్రాకెట్ నాలుగైదు డిగ్రీలు తిరిగితే నలుపు గోడ మీదికి పోయి కిటికీ బయటపడుతుంది. మామూలు మరలు సముద్రం వైపు ఏడాదిలో తుప్పు పట్టి వదులవుతాయి, 316 రకం స్టెయిన్‌లెస్ మరలు వేయించండి. ఈరోజు మాస్క్ పెట్టాక ఒక స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి బాక్సు తలుపు లోపల అంటించండి. ప్రతి నెలా ఒకటో తారీఖున దాన్నీ తెరనూ పక్కపక్కన చూసి, కదిలితే బ్రాకెట్ బిగించి మాస్క్ మళ్లీ గీయాలి.